ఎముక నుంచి గుండె దాకా: పునరుత్పత్తి హార్మోన్ల గురించి మన దక్షిణ తెలంగాణలో తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, నారాయణపేట వైపు ఆడవాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ముట్టు సంగతిని చివరికి, కుర్చీలోంచి లేవబోతూ, గొంతు తగ్గించి చెబుతారు. నడుము నొప్పికి ఒకరి దగ్గరికి, గుండెదడకు మరొకరి దగ్గరికి, నిద్రలేమికి ఇంకొకరి దగ్గరికి తిరిగి డబ్బు ఖర్చు పెట్టుకున్న మనిషికి, ఆ మూడింటి వెనక ఒకే మార్పు ఉండవచ్చునని ఎవరూ చెప్పకపోవడం నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న విషయం. ఇక్కడి వాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలనూ, అడగడానికి సంకోచించే కొన్ని ప్రశ్నలనూ ఒకచోట చేర్చి జవాబులు రాస్తున్నాను.

పిల్లలు పుట్టడానికి ఉన్న హార్మోన్లు మిగతా ఒళ్లంతటి మీద ఎందుకు పనిచేస్తాయి?

పాలమూరు రైతుకు ఈ సంగతి పుస్తకం చదవకుండానే తెలుసు. కోడెదూడకు విత్తులు కొట్టిస్తే అది సంతానానికి పనికిరాకుండా పోవడం ఒక్కటే జరగదు. మెడ, మూపురం ఆంబోతుకు బలిసినట్టు బలియవు, పొగరు తగ్గుతుంది, కాడికి లొంగుతుంది. విత్తుల నుంచి బయలుదేరినదేదో మెడ కండ దాకా, మెదడు దాకా వెళ్తోందన్నమాట. 1849లో జర్మనీలోని గొట్టింగెన్‌లో ఆర్నాల్డ్ బెర్తోల్డ్ కోడిపుంజుల మీద చేసిన ప్రయోగం దీన్నే రుజువు చేసింది. వృషణాలు తీసేసిన పుంజులకు తలమీది తురాయి కుంచించుకుపోయి, కూతా పోట్లాటా ఆగిపోయాయి. వృషణాన్ని తిరిగి కడుపులో అమర్చితే, పాత నరాల సంబంధం లేకపోయినా, అవన్నీ మళ్లీ వచ్చాయి. అంటే కబురు నరాల మీదుగా కాక రక్తం ద్వారా వెళ్తోంది.

మనుషుల్లో ఆ కబురు మోసేవి ముఖ్యంగా మూడు: ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరోన్, టెస్టోస్టిరోన్. వీటిని అందుకునే గ్రాహకాలు గర్భసంచిలోనే కాక ఎముకల్లో, రక్తనాళాల గోడల్లో, మెదడులో, కాలేయంలో, చర్మంలో, మూత్రాశయంలో కూడా ఉంటాయి. ఒక్కమాట ముందే స్పష్టం చేయాలి: ఈస్ట్రోజెన్ ఆడవాళ్లది, టెస్టోస్టిరోన్ మగవాళ్లది అన్న విభజన సగమే నిజం, ఎందుకంటే రెండూ ఇద్దరిలోనూ ఉంటాయి, మోతాదులోనే తేడా.

ముట్టు ఆగిపోయిన తర్వాత ఎముకలు ఎందుకు పెళుసుబారతాయి?

ఎముక గోడలాగా ఒకసారి కట్టి వదిలేసేది కాదు. పాత ఎముకను తొలిచే కణాలు ఒకపక్క, కొత్త ఎముకను పోసే కణాలు మరోపక్క జీవితాంతం పనిచేస్తూనే ఉంటాయి. తొలిచే కణాలకు పగ్గం వేసేది ఈస్ట్రోజెన్. ముట్టు ఆగే సమయంలో ఆ పగ్గం సడలుతుంది కనుక పోసేదానికంటే తొలిచేది ఎక్కువై, మొదటి ఐదు నుంచి ఏడేళ్లలో కొందరు తమ ఎముక సాంద్రతలో 20 శాతం దాకా పోగొట్టుకుంటారు. మన దేశంలో స్త్రీలకు సహజంగా ముట్టు ఆగే సగటు వయసు 46, 47 ఏళ్ల దగ్గర ఉంది. పాశ్చాత్య దేశాల్లో అది 51. ఆ నాలుగైదేళ్ల తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ఎముకకు అది నాలుగైదేళ్లు ముందుగా మొదలైన నష్టం.

ఈ నష్టానికి నొప్పి ఉండదు, అదే దీనిలోని ప్రమాదం. బాత్రూంలో చిన్నగా జారితే మణికట్టు విరగడమో, నిండు బిందె ఎత్తినప్పుడు వెన్నుపూస నలగడమో మొదటి గుర్తు అవుతుంది. వెన్నుపూస నలిగిన సంగతి చాలామందికి తెలియనే తెలియదు. నడుము పట్టేసిందనుకుని జండూబామ్ రాసుకుని ఊరుకుంటారు. అమ్మ పొట్టిగా అయిపోతోందని, వీపు వంగుతోందని కూతురు గమనిస్తే, ఆ గమనింపును వయసు ఖాతాలో వేయకుండా డెక్సా అనే ఎముక సాంద్రత పరీక్ష చేయించాలి. ఆ పరీక్షలో టీ స్కోరు మైనస్ 2.5 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే దాన్ని ఆస్టియోపొరోసిస్ అంటారు.

మాది మర్రిగూడ వైపు. మా ఇంట్లో ఆడవాళ్ల నడుము నొప్పి ముట్టు ఆగడం వల్ల వచ్చిందా, ఫ్లోరైడ్ నీళ్ల వల్ల వచ్చిందా?

నల్లగొండ జిల్లాలో చాలా సూటిగా ఎదురయ్యే ప్రశ్న ఇది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు ప్రాంతాల్లో దశాబ్దాల పాటు బోరునీళ్లు తాగిన తరం ఇప్పుడు ముట్టు ఆగే వయసులోనో, అది దాటిన వయసులోనో ఉంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది పరిమితి. ఇక్కడి ఎన్నో బోర్లలో అది ఆ హద్దును చాలా మించి ఉండేది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతికి నీరి సంస్థ శాస్త్రజ్ఞులు 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టారంటే, మన జిల్లా పేరు ప్రపంచానికి ఎలా తెలిసిందో ఊహించవచ్చు. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చిన తర్వాత పుట్టిన పిల్లల సంగతి వేరు. పెద్దవాళ్ల ఎముకల్లో ఇదివరకే చేరిన ఫ్లోరైడ్ మాత్రం ఏళ్ల తరబడి నెమ్మదిగానే బయటికి పోతుంది.

రెండు జబ్బుల స్వభావమూ వేరు. ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్‌లో ఎముక మందమవుతుంది, కీళ్లను కట్టి ఉంచే బంధకాలు కూడా గట్టిపడతాయి, మెడా నడుమూ బిగుసుకుపోయి కింద గొంతుక్కూర్చోవడం కష్టమవుతుంది. ముట్టు ఆగాక వచ్చే బలహీనతలో ఎముక పలచబడుతుంది, ముందుగా నొప్పి ఏమీ లేకుండానే విరుగుతుంది. ఒకే మనిషిలో ఈ రెండూ ఉండవచ్చు, అక్కడే చిక్కు వస్తుంది: ఫ్లోరైడ్ చేరిన ఎముక డెక్సా పరీక్షలో బాగా చిక్కగా, గట్టిగా ఉన్నట్టు కనిపిస్తుంది, కానీ చిక్కదనం ఉన్నంత మాత్రాన బలం ఉన్నట్టు కాదు, అది పెళుసుగా ఉండి విరిగే అవకాశం ఉంది. అందువల్ల ఈ మండలాల్లో పెరిగిన స్త్రీకి డెక్సా ఫలితం బాగుందని కాగితం వచ్చినా, దాన్ని చూసి నిశ్చింతగా ఉండిపోకూడదని నా గట్టి అభిప్రాయం. ఏ ఊళ్లో పెరిగారో, ఎన్నేళ్లు బోరునీళ్లు తాగారో డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర గట్టిపడిందా అన్నది చూస్తే ఫ్లోరోసిస్ సంగతి చాలావరకు తేలుతుంది. తిండిలో కాల్షియం తక్కువైతే రెండు జబ్బులూ ముదురుతాయి.

జొన్నరొట్టె తింటున్నాం కదా, ఎముకలకు అది చాలదా?

జొన్నరొట్టె కడుపుకూ, షుగరుకూ మంచిదే, కానీ ఎముకకు కావలసిన కాల్షియం జొన్నలో చాలా తక్కువ. 100 గ్రాములకు 30 మిల్లీగ్రాములు కూడా ఉండదు. అదే తైదల్లో (రాగుల్లో) 350 దాకా ఉంటుంది. పొట్టు తీయని నువ్వుల్లో 1000 దాటుతుంది, కాబట్టి రోజుకు రెండు చెంచాల నువ్వుల పొడి ఖరీదైన డబ్బాల పొడుల కంటే మేలు. ఒక గ్లాసు పాలలో సుమారు 240 మిల్లీగ్రాములు వస్తుంది. తోటకూర, మునగాకు కూడా తోడ్పడతాయి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫారసుల ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు, ముట్టు ఆగిన స్త్రీలకు 1200 అవసరం. కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి కావాలి, దానికి ఎండ కావాలి. చేలో పనిచేసే వాళ్లకు అది దొరుకుతుంది గానీ, పొద్దంతా ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేవాళ్లకూ, మగ్గం గుంటలో కూర్చునే వాళ్లకూ దొరకదు.

గర్భసంచి తీసేస్తే హార్మోన్లు ఆగిపోతాయా? పిల్లలు చాలనుకున్నాక అది ఉంటే ఎంత, లేకపోతే ఎంత?

ఈ ప్రశ్నకు మిగతా వాటి కంటే పొడుగ్గా జవాబు చెప్పక తప్పదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16లో లెక్క తీస్తే, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం తేలారు. అంటే మన రెండు రాష్ట్రాల్లో దేశం సగటు కంటే రెండింతలు దాటింది. తెల్లబట్ట అవుతోందని, ముట్టు ఎక్కువ అవుతోందని, లేదా వదిలేస్తే క్యాన్సర్ వస్తుందని భయపెట్టారని, ముప్పై అయిదేళ్లు నిండకుండానే ఆపరేషన్ బల్ల ఎక్కిన స్త్రీలు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. వాళ్లలో చాలామందికి మందులతోనో, చిన్న చికిత్సతోనో నయమయ్యే జబ్బే ఉండి ఉంటుంది.

గర్భసంచి హార్మోన్లను తయారుచేయదు; వాటిని తయారుచేసేవి దానికి రెండు పక్కలా ఉండే అండాశయాలు. గర్భసంచిని మాత్రమే తీసి అండాశయాలను ఉంచితే ముట్టు రాదు గానీ హార్మోన్లు వస్తూనే ఉంటాయి. అయితే వాటికి అందే రక్తం కొంత తగ్గడం వల్ల కావచ్చు, కొందరిలో అవి మామూలుకంటే కొన్నేళ్లు ముందుగా అలసిపోతాయి. అండాశయాలను కూడా తీసేస్తే మాత్రం పదేళ్లలో మెల్లగా జరగవలసిన మార్పు ఒక్క రాత్రిలో జరుగుతుంది. సహజంగా ముట్టు ఆగిన స్త్రీ అండాశయాల నుంచి ఆ తర్వాత కూడా కొంత టెస్టోస్టిరోన్ వస్తూ ఉంటుంది, ఆపరేషన్ అయిన స్త్రీకి అదీ ఉండదు. 45 ఏళ్లలోపు రెండు అండాశయాలూ పోయినవాళ్లలో ఎముకలు విరగడం, గుండెజబ్బు, వయసు మీరాక మతిమరుపు జబ్బు ఎక్కువగా కనిపిస్తాయి. అందుకే అలాంటి వాళ్లకు, వద్దనడానికి వేరే కారణం లేకపోతే, కనీసం సహజంగా ముట్టు ఆగే వయసు వచ్చేదాకా హార్మోన్ చికిత్స ఇవ్వడం మంచి వైద్యం. మన దగ్గర అది ఎంతమందికి అందుతోందో తలచుకుంటే కష్టంగా ఉంటుంది. కుట్లు విప్పి ఇంటికి పంపించారంటే పని అయిపోయిందనే అనుకుంటారు.

ఆపరేషన్ తప్పనిసరి అయ్యే సందర్భాలు ఉన్నాయి: క్యాన్సర్, మందులకు లొంగని పెద్ద గడ్డలు, ప్రాణం మీదికి వచ్చే రక్తస్రావం. అలాంటప్పుడు వెనకాడవద్దు. కానీ ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు నాలుగు సంగతులు అడిగి తెలుసుకోవాలి: జబ్బు పేరేమిటి, మందులతో ఎందుకు కాదు, అండాశయాలు ఉంచుతారా తీస్తారా, తీస్తే ఎందుకు. ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోవడం మొదటి డాక్టరును అవమానించడం కాదు. అనవసరంగా గర్భసంచి తీయడాన్ని ఆపడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. రాష్ట్రాలు వాటిని అమలు చేయాలని సుప్రీంకోర్టు 2023లో ఆదేశించింది. ఇప్పటికే ఆపరేషన్ అయినవాళ్లు ఆ డిశ్చార్జి కాగితాన్ని వెతికి పెట్టుకుని, అందులో అండాశయాల గురించి ఏం రాశారో చదివించుకోవాలి.

పిల్లలు కాకుండా చేసే ఆపరేషన్ వల్ల కూడా ఇలాగే జరుగుతుందా? మగవాళ్లు చేయించుకుంటే బలం తగ్గుతుందా?

జరగదు. ట్యూబెక్టమీలో అండం వెళ్లే గొట్టాన్ని మూస్తారు, అండాశయాన్ని ముట్టుకోరు. వేసెక్టమీలో వీర్యకణాలు వెళ్లే నాళాన్ని కత్తిరిస్తారు, టెస్టోస్టిరోన్ మాత్రం ఎప్పటిలాగే నేరుగా రక్తంలో కలుస్తుంది. తెలంగాణలో 60 శాతం పైగా దంపతులు స్త్రీ ఆపరేషన్ మీదే ఆధారపడుతుండగా మగవాళ్లు దాదాపుగా ముందుకు రాకపోవడానికి, బరువు మోయలేమన్న ఈ అపోహే ఒక ముఖ్య కారణం. కూలి పనికి పుణె, ముంబై వెళ్లే పాలమూరు మగవాళ్లు ఈ మాటను నమ్మి భార్యలను ముందుకు నెట్టడం న్యాయం కాదు.

ఉన్నట్టుండి పెయ్యంతా మంట, చెమటలు ఎందుకు వస్తాయి?

మెదడులో ఒంటి వేడిని సరిచూసే చోట కొన్ని నాడీకణాలకు ఈస్ట్రోజెన్ కళ్లెం వేసి ఉంచుతుంది. అది తగ్గగానే ఆ కణాలు రెచ్చిపోయి, ఒంటి వేడి ఇంతో అంతో మారినా పెద్ద వేడి పుట్టినట్టు భ్రమపడి, చర్మం కిందికి రక్తాన్ని తోసి చెమట పట్టిస్తాయి. ముఖం, మెడ, ఛాతీ మీద ఆవిరి కొట్టినట్టయి, కొన్ని నిమిషాల్లో తగ్గి, వెంటనే చలి అనిపిస్తుంది. ముగ్గురు నలుగురు స్త్రీలలో ఒక్కరే దీన్నుంచి తప్పించుకుంటారు. ఏడాదిలో పోతుందని చెప్పడం అలవాటు గానీ, చాలామందిలో ఏళ్ల తరబడి ఉంటుంది. రాత్రి చెమటలతో నిద్ర చెడితే పగలు చిరాకు, మతిమరుపు వస్తాయి, వాటిని మనిషి గుణంగా లెక్కగట్టి ఇంట్లోవాళ్లు మాటలనడం సరికాదు.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. రాత్రి చెమటలతో పాటు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, దగ్గు ఉంటే అది ముట్టు ఆగడం కాదు, టీబీ పరీక్ష చేయించాలి. చేతులు వణికి, తింటున్నా చిక్కిపోతుంటే థైరాయిడ్ చూడాలి.

ఆడవాళ్లకు గుండెపోటు రాదంటారు, నిజమేనా?

ముట్టు వచ్చే వయసులో మగవాళ్ల కంటే తక్కువ వస్తుందన్నంత వరకే నిజం. ఈస్ట్రోజెన్ రక్తనాళాలను వదులుగా ఉంచుతుంది, చెడు కొలెస్ట్రాల్‌ను అదుపులో పెడుతుంది; అందుకే స్త్రీలలో గుండెజబ్బు మగవాళ్ల కంటే సుమారు పదేళ్లు ఆలస్యంగా మొదలవుతుంది. ముట్టు ఆగాక ఆ రక్షణ పోయి, చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది, కొవ్వు తుంటి దగ్గర కాక పొట్ట దగ్గర చేరుతుంది, బీపీ ఎక్కుతుంది. షుగరు ఉన్న స్త్రీకి ఆ పదేళ్ల వెసులుబాటు చాలావరకు ముందే పోతుంది. పైగా ఆడవాళ్లలో గుండెపోటు ఛాతీనొప్పిగా కాక ఆయాసంగా, దవడ నొప్పిగా, వికారంగా, అంతులేని నీరసంగా రావచ్చు. గ్యాసు అనుకుని సోడా తాగించి పడుకోబెట్టిన ఇళ్లలో తెల్లారేసరికి ఏం జరిగిందో మన ఊళ్లలో చాలామందికి తెలుసు. యాభై దాటిన స్త్రీకి ఇలాంటివి కొత్తగా వస్తే ముందు ఈసీజీ తీయించాలి.

ముట్టుకు ముందు కోపం, ఏడుపు రావడం, కాన్పు తర్వాత మనసు పాడవడం హార్మోన్ల వల్లేనా?

ప్రొజెస్టిరోన్ విరిగినప్పుడు పుట్టే ఒక పదార్థం మెదడును శాంతపరిచే గ్రాహకాల మీద పనిచేస్తుంది. ముట్టుకు ముందు రోజుల్లో అది ఎక్కి దిగే తీరుకు కొందరి మెదడు తట్టుకోలేక చిరాకు, దిగులు కలుగుతాయి, ముట్టు మొదలైన ఒకటి రెండు రోజుల్లో తేటపడతాయి. కాన్పు తర్వాత మార్పు ఇంకా పెద్దది: మాయ బయటపడగానే తొమ్మిది నెలలు ఎక్కువగా ఉన్న రెండు హార్మోన్లు కొద్ది రోజుల్లోనే అట్టడుగుకు పడిపోతాయి. మూడో రోజు నుంచి ఊరికే కన్నీళ్లు రావడం మామూలే, రెండు వారాల్లో తగ్గుతుంది. రెండు వారాలు దాటినా బాలింత నిద్రపోకుండా, బిడ్డ మీద మనసు లేకుండా, బతుకు వద్దంటూ ఉంటే అది జబ్బు. లేనివి వినబడుతున్నాయని, కనబడుతున్నాయని చెబితే అది ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లవలసిన జబ్బు. దాన్ని గాలి సోకిందనుకుని తాయెత్తుతో వారం గడిపేస్తే తల్లికీ బిడ్డకీ ప్రమాదం. హార్మోన్లొక్కటే కారణమని నేను అనను; నిద్ర లేకపోవడం, ఆడపిల్ల పుట్టిందన్న సూటిపోటి మాటలు, పుట్టింటికి పంపకపోవడం కూడా అందులో ఉంటాయి. మనసు బాధలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలిమానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా తెలుగులోనే మాట్లాడవచ్చు.

తలనొప్పి, మూర్ఛ, ఆయాసం ముట్టు రోజుల్లోనే ఎక్కువవుతున్నాయి. చెబితే నవ్వుతారేమో?

నవ్వవలసిన విషయం కాదు. ముట్టుకు ముందు ఈస్ట్రోజెన్ ఒక్కసారి పడిపోవడం పార్శ్వపు తలనొప్పిని రేపుతుంది. మూర్ఛ ఉన్నవాళ్లలో ఈస్ట్రోజెన్ ఫిట్స్‌ను ఎగదోస్తే, ప్రొజెస్టిరోన్ అణచి ఉంచుతుంది. ముట్టు ముందు ప్రొజెస్టిరోన్ తగ్గినప్పుడు కొందరికి ఫిట్స్ ఎక్కువవుతాయి. ఉబ్బసం కూడా కొందరిలో అలాగే. క్యాలెండరు మీద ముట్టు తేదీలను ఒక రంగుతో, తలనొప్పి లేదా ఫిట్స్ వచ్చిన తేదీలను ఇంకో రంగుతో మూడు నెలలు గుర్తుపెట్టుకుని చూపిస్తే డాక్టరు మందును ఆ రోజులకు తగ్గట్టు మార్చగలరు. తలనొప్పికి ముందు కళ్ల ముందు మెరుపులు, వంకర గీతలు కనిపించేవాళ్లు మాలా-ఎన్ లాంటి ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడకూడదు, పక్షవాతం వచ్చే ప్రమాదం పెరుగుతుంది. మూర్ఛకు ఫెనిటాయిన్, కార్బమజెపైన్ వాడేవాళ్లలో ఆ మాత్రలు సరిగా పనిచేయవు.

చెర్వుగట్టు జాతరకో, కురుమూర్తి జాతరకో, ఇంట్లో పెళ్లికో ముట్టు వాయిదా వేసే మాత్రలు వేసుకోవచ్చా?

మెడికల్ షాపులో అడగగానే ఇచ్చే ఆ మాత్ర నోరెథిస్టిరోన్, ప్రొజెస్టిరోన్ జాతి హార్మోన్. ఆరోగ్యంగా ఉన్న స్త్రీ ఎప్పుడో ఒకసారి, డాక్టరును అడిగి కొన్ని రోజులు వాడితే పెద్ద హాని ఉండదు. ఆపిన రెండు మూడు రోజులకు ముట్టు వస్తుంది. అయితే కాలిలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకు, కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు, పైన చెప్పిన మెరుపుల తలనొప్పి ఉన్నవాళ్లకు, కడుపుతో ఉన్నామేమోనన్న అనుమానం ఉన్నవాళ్లకు అది వద్దు. ప్రతి పండుగకూ ఒక చీటీ మాత్రలు వేసుకుని, ఏది అసలు ముట్టో ఏది మాత్ర ముట్టో తెలియని స్థితికి వచ్చినవాళ్లు ఉన్నారు. దేవుడి ముందు నిలబడాలన్న వాళ్ల కోరికను నేను తక్కువ చేయను, కానీ ఒంటికి దాని లెక్క ఉంటుంది.

ముట్టు ఆగిన తర్వాత మాటిమాటికీ మూత్రంలో మంట ఎందుకు?

ఈస్ట్రోజెన్ లేకపోతే యోని, మూత్రనాళం పొరలు పలచబడి, అక్కడ కాపలా ఉండే మంచి సూక్ష్మజీవులు తగ్గి, చెడ్డవి చేరతాయి. అందుకే ఎన్నిసార్లు యాంటీబయాటిక్ వాడినా మంట మళ్లీ వస్తుంది. తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ లేపనం అక్కడికక్కడే పనిచేస్తుంది, రక్తంలో కలిసేది చాలా తక్కువ. సంసారంలో నొప్పి అని చెప్పుకోలేక ఏళ్లు గడిపేవాళ్లకు కూడా ఇదే మందు.

మా అమ్మాయికి పీసీఓడీ అన్నారు. పెళ్లయ్యాక చూసుకోవచ్చా?

ఆలస్యం చేయవద్దు, అండాశయ హార్మోన్లు తేడా పడి ముట్టు క్రమం తప్పే ఈ జబ్బు పిల్లలు పుట్టడానికి సంబంధించిన సమస్య మాత్రమే కాదు. ఇందులో ఇన్సులిన్ సరిగా పనిచేయక, ఒళ్లు దాన్ని ఎక్కువగా తయారుచేస్తుంది. ఎక్కువైన ఇన్సులిన్ అండాశయం చేత మగ హార్మోన్లను ఎక్కువగా చేయిస్తుంది. గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, మెడ వెనక మట్టి పట్టినట్టు నల్లబడడం దాని గుర్తులే. ఆ నలుపును పీచుతో రుద్దితే పోదు. ఇలాంటి అమ్మాయిలకు చిన్న వయసులోనే షుగరు వచ్చే అవకాశం ఎక్కువ కనుక షుగరు, కొలెస్ట్రాల్, బీపీ పరీక్షలు క్రమంగా చేయించాలి. ముట్టు మూడు నెలలకు మించి రాకుండా ఉంటే గర్భసంచి పొర మందమవుతూ పోయి ముందు ముందు క్యాన్సర్‌కు దారితీయవచ్చు. బరువు ఎక్కువ ఉన్నవాళ్లు పదోవంతు తగ్గినా ముట్టు చాలామందిలో సర్దుకుంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 మార్చి 8న మొదలుపెట్టిన ఆరోగ్య మహిళ కార్యక్రమంలో ఎంపిక చేసిన ఆరోగ్య కేంద్రాల్లో మంగళవారం స్త్రీల పరీక్షలకు కేటాయించారు. మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగి తెలుసుకోండి.

మగవాళ్లకు కూడా ఇలాంటి మార్పులు ఉంటాయా?

ఉంటాయి, కానీ ముట్టు ఆగినట్టు ఒక్కసారిగా కాదు. నడివయసు నుంచి టెస్టోస్టిరోన్ ఏటా సుమారు ఒక శాతం చొప్పున తగ్గుతుంది. అది కండను, ఎముకను, రక్తంలోని ఎర్రకణాలను నిలబెట్టే హార్మోన్. పొట్ట పెరిగినవాళ్లలో, షుగరు ఉన్నవాళ్లలో ఇది ఇంకా వేగంగా పడిపోతుంది. ఎందుకంటే కొవ్వు టెస్టోస్టిరోన్‌ను ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. మగవాడి ఎముకకు ఈస్ట్రోజెన్ కూడా కావాలని 1994లో బయటపడిన ఒక అరుదైన కేసు చెప్పింది: ఈస్ట్రోజెన్ గ్రాహకం పనిచేయని ఒక వ్యక్తికి టెస్టోస్టిరోన్ బాగానే ఉన్నా, 28 ఏళ్లకూ ఎముకల చివర్లు మూసుకోక 204 సెంటీమీటర్ల ఎత్తు పెరిగాడు, ఎముకలు మాత్రం పలచగా ఉన్నాయి.

శక్తి తగ్గిందని గోడల మీద ప్రకటనలు చూసి రహస్యంగా పొడులు కొనుక్కునే వాళ్లకు ఒక మాట. అంగస్తంభన సమస్య చాలాసార్లు గుండె రక్తనాళాలు పూడుకుపోతున్నాయని ముందుగా వచ్చే కబురు, కనుక ముందు చూపించవలసింది షుగరు, బీపీ, కొలెస్ట్రాల్. టెస్టోస్టిరోన్ పరీక్ష ఉదయం పూట, పరగడుపున, రెండు వేర్వేరు రోజుల్లో చేయిస్తేనే నమ్మదగింది. జిమ్ములో కండ కోసం ఇంజెక్షన్లు వేసుకునే యువకులకు ఆ ఇంజెక్షన్ వల్ల సొంత వృషణాలు పనిచేయడం మానేసి కుంచించుకుపోతాయి, వీర్యకణాలు పడిపోతాయి, గుండె కండరం మందమవుతుంది. పెళ్లయి రెండేళ్లయినా పిల్లలు లేరని భార్యను ఆసుపత్రుల చుట్టూ తిప్పే ముందు ఆ సంగతి డాక్టరుకు చెప్పడం భర్త బాధ్యత.

హార్మోన్ మాత్రలు వాడితే రొమ్ము క్యాన్సర్ వస్తుందని విన్నాం.

ఆ భయం 2002లో అమెరికాలో ఆపేసిన ఒక పెద్ద అధ్యయనం నుంచి వచ్చింది. 16,608 మంది స్త్రీల మీద జరిగిన ఆ అధ్యయనంలో రెండు హార్మోన్లు కలిపి వాడినప్పుడు ఏడాదికి 10,000 మందిలో రొమ్ము క్యాన్సర్ 8 మందికి, పక్షవాతం 8 మందికి అదనంగా వచ్చాయి. తుంటి విరగడం 5 మందిలో తగ్గింది. కానీ వాళ్ల సగటు వయసు 63, అంటే ముట్టు ఆగి పదేళ్లు దాటినవాళ్లు చాలామంది ఉన్నారు. అవే లెక్కలను వయసుల వారీగా మళ్లీ చూస్తే, 60 ఏళ్లలోపు, ముట్టు ఆగిన పదేళ్లలోపు మొదలుపెట్టి, ఆవిర్లతో నిజంగా బాధపడుతున్న ఆరోగ్యవంతులకు మేలే ఎక్కువని తేలింది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు, రక్తం గడ్డకట్టినవాళ్లకు, కారణం తెలియని రక్తస్రావం ఉన్నవాళ్లకు ఇవి ఇవ్వరు. గర్భసంచి ఉన్నవాళ్లకు ఈస్ట్రోజెన్ ఒక్కటే ఎప్పుడూ ఇవ్వకూడదు, దానితో ప్రొజెస్టిరోన్ జత చేయాలి.

ముట్టు ఆగి రెండేళ్లయింది. మొన్న కొద్దిగా కనిపించింది. మళ్లీ ముట్టు వచ్చిందా?

పన్నెండు నెలలు ముట్టు రాకుండా ఉన్న తర్వాత ఒక్క చుక్క కనిపించినా దాన్ని ముట్టు అనుకోకూడదు. చాలామందిలో లోపలి పొర పలచబడి చిట్లడమే కారణం, అయినా పదిమందిలో ఒకరి దాకా గర్భసంచి క్యాన్సర్ బయటపడుతుంది, అది తొలిదశలో దొరికితే నయమయ్యే క్యాన్సర్. స్కానింగులో పొర మందాన్ని చూసి, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. గర్భసంచి ముఖద్వారాన్ని కూడా చూస్తారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో స్త్రీ వైద్య విభాగాలు ఉన్నాయి, బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. కోతలు, నాట్లు అయ్యేదాకా ఆగకుండా ఆ వారంలోనే వెళ్లాలి, ఇంట్లో ఒకరు తోడు వెళ్లాలి.